మిగులు తోడు

ఇవాళ పడవ లేదు.
హెల్టర్మా రేవులో అల గోడెక్కి దూకుతోందని
కెప్టెన్ ఫోన్ చేశాడు; సగం మాట గాలే తినేసింది.
టికెట్ల కిటికీకి "లేదు" పలక తగిలించి
ఇంటికొచ్చాను.
చేతులు ఊరికే ఉంటే నాకు చలెక్కువ.

ఫ్రిజ్ తెరిస్తే ఏడు సీసాలు.
ఒకదానిమీద ఇంకా "దోసకాయ ఊరగాయ" అని పాత చీటీ,
ఇంకొకటి ఎవరిదో మందు సీసా, బాగా కడిగిందే.
అన్నిట్లో ఒకటే సరుకు:
బూడిద రంగు రై పిండి తోడు, పులిసి, పలచబడి,
పైన నీటి పొరతో అలిగి కూర్చుంది.

మైము ఇచ్చింది దీని తల్లిని
పోయినేడు ఆకులు రాలేటప్పుడు,
కాగితమ్ముక్క మీద రెండే మాటలతో:
"రోజూ తినిపించు. సగం పారేయి."
మొదటిది సులువు.
రెండోది నావల్ల కాలేదు.
గిన్నె అడుగు వేలితో తుడిచి నాకిన ఇంట పుట్టినదాన్ని,
పులిసిందంటే పాడైందని ఎవరూ నేర్పలేదు నాకు.
తీసిన సగం తీసినట్టే
సీసాలో పోసి, వారం పేరు రాసి, లోపల పెట్టాను.

మంగళవారం మూత తీస్తే కళ్ళలో నీళ్ళొచ్చాయి.
శుక్రవారం ఇంకా పసిది, పాలవాసన.
అన్నిటినీ ఒకే బేసిన్‌లో కుమ్మరించాను.
కరిగిన వెన్న, గుప్పెడు పొడిపిండి, ఉప్పు,
ఉప్పు వేశానో లేదోనని మళ్ళీ ఉప్పు,
అరచేతిలో నలిపిన షాజీరా.
అప్పడం కన్నా మందం, రొట్టె కన్నా పలచన,
కర్ర కింద పిండి సాగుతూ
బల్ల చెక్కలోని గీతలన్నీ తనమీద అచ్చేసుకుంది.
చాకుతో పలకలు కోసి
ఫోర్క్‌తో గుచ్చాను, పొంగి బుడగ కాకుండా.

మొదటి ట్రే మాడింది.
రెండోది మధ్యలో మెత్తన, పిల్లికీ అక్కర్లేదంది.
మూడోది తీసి వంచితే
టప్!
కిటికీ బయట గాలి కూడా ఒక్కక్షణం ఆగినట్టనిపించింది.
ఆగలేదు.

బిస్కెట్ల డబ్బా నింపుకుని రేవుకి వెళ్ళాను.
దుంగల లారీ, చేపల లారీ,
వెనక సీట్లో పెద్ద వాయిద్యం పెట్టెతో ఒక పిల్ల.
నిన్న సాయంత్రం నుంచీ వరసలో ఉన్నారు,
ముందుకు సముద్రం, వెనక్కి వెళ్ళే మనసు లేదు.
దుంగల లారీ రైవో అద్దం రెండు వేళ్ళంత దించాడు.
"ఉర్వె, ఉప్పెక్కువ" అన్నాడు.
పదకొండు తిన్నాడు. లెక్కపెట్టాను.
వాయిద్యం పిల్ల ఏమీ అనలేదు,
ఒడిలో రాలిన పొడిని
తడి వేలికి అద్దుకుని నోట్లో పెట్టుకుంది.
ఆ వేలిని నేను ఎరుగుదును.

అప్పుడు మైము ఫోన్.
అవతలి ఒడ్డున ఆసుపత్రిలో, మోకాలికి కొత్త కీలు.
నేను ఈ పడవకే రావాల్సింది.
"దానికి తినిపిస్తున్నావా?"
తినిపిస్తున్నా.
"సగం పారేస్తున్నావా?"
పారేస్తున్నానన్నాను
నోట్లో ముక్క ఉందని మరిచి.
కర్.
కాసేపు గాలి మాత్రమే మాట్లాడింది ఇద్దరి మధ్యా.
"షాజీరా వేశావా?" అంది మైము.
వేశాను.
"ఉప్పు?"
వేశాను. రెండుసార్లు.
"నాకు మిగల్చు" అని పెట్టేసింది.

రాత్రికి ఆరు సీసాలు కడిగి బోర్లించాను.
వంటగట్టు తేలికైపోయింది, ఎవరో ఇల్లు ఖాళీ చేసినట్టు.
పడుకోబోయే ముందు తల్లి సీసాకి
పిండీ నీళ్ళూ పెట్టాలి గదా,
పెట్టే ముందు సగం తీయాలి గదా.
తీశాను.
చెంచా చెత్తబుట్ట మీదదాకా వెళ్ళింది, నిజం చెప్తున్నా.
తర్వాత
ఇంకా తడారని సీసా ఒకటి తిరగేసి
"బుధవారం" అని రాశాను.