సున్నా పాయింట్ ఎనిమిది

తుర్కు ఓడల యార్డులో మీటింగు రికార్డింగు
పదకొండోసారి వింటోంది ఇర్మెలి.
ఇంగ్లీషు ఎవరికీ సొంతం కాని గది అది.

"బహుశా ఆ అతుకుని, వీలుంటే,
ఇంకోసారి చూడొచ్చేమో" అన్నాడు ఉర్మాస్.
ఆమె పెన్సిలు
బహుశా కింద ఒక గీత గీసింది,
వీలుంటే కింద ఒకటి,
చివరి ఏమో కింద రెండు.
మార్జిన్లో రాసుకుంది: మర్యాద.

తర్వాత నిశ్శబ్దం,
సున్నా పాయింట్ ఎనిమిది సెకన్లు.
ఎవరో కప్పు కింద పెట్టిన చప్పుడు.
"గుడ్ పాయింట్. నెక్స్ట్?"

మార్చిలో అతుకు విచ్చుకుంది.
ఎవరూ చావలేదు, నీళ్ళు మాత్రం మోకాలిదాకా.

థీసిస్‌లో అది నాలుగో పట్టిక, తొమ్మిదో వరుస.

ఉండబట్టలేక ఫోన్ చేసింది:
మీ ఎస్తోనియన్‌లో అయితే
ఎలా అనేవాళ్ళు?

రెండే మాటలు చెప్పాడు.
పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది,
గీత గీయడానికి
వాటి కింద ఏమీ లేదు.