విజిల్ లేని మంగళవారాలు

ఇరవై రెండేళ్లు నాలుగో డివిజన్ ఫుట్‌బాల్‌కి
రిఫరీగా పరిగెత్తాను.
తప్పెవరిదో తేల్చడానికి నాకు పట్టింది
ఎప్పుడూ ఒక్క ఊపిరే.

మోకాళ్లు చెడ్డాక
ట్రోమ్సో లైబ్రరీ వెనక గదిలో
మధ్యవర్తిత్వం నేర్పుతున్నారంటే వెళ్లి చేరాను.
మధ్యాహ్నం మూడుకే చీకటి.
కిటికీ అద్దంలో మా ముఖాలు తప్ప ఏమీ కనపడవు.

ఆట లాంటి పాఠం.
బస్సు నడిపే ఆస్లాక్ పక్కింటి కోపిష్టి అయ్యాడు,
పళ్ల డాక్టరమ్మ వాడి కుక్క మీద ఫిర్యాదు తెచ్చింది.
నేను మధ్య కుర్చీలో.
"ఆగండి! తప్పు మీది!"
నా వేళ్లు అప్పటికే చొక్కా జేబులో
పసుపు కార్డు కోసం దేవులాడుతున్నాయి.
దొరికింది దగ్గు బిళ్ల.

నేర్పే యూరున్ గడియారం చూసి అంది
"పదకొండు సెకన్లు."
తీర్పు ఇవ్వకుండా నేను ఓర్చుకున్న కాలం అది.

మరుసటి వారం నలభై.
క్రిస్మస్ ముందు రెండు నిమిషాలు, కుక్క మొరిగినా సరే.

"అంటే, మీరు అనేది..."
అని మొదలుపెట్టడం నేర్చుకున్నాను.
ముల్లు తీసి చేప వడ్డించినట్టు
వాళ్ల మాట వాళ్లకే తిరిగి పెట్టాలట,
ముల్లు ఉండేదని మాత్రం మరవకుండా.
ఇంట్లో హెర్దిస్ మీద ప్రయోగించాను.
"అంటే, నువ్వు అనేది, చెత్త నేను పారేయలేదని..."
"పారెయ్" అంది.
గోడ మీద పిల్లివయ్యావని కూడా అంది.
నిజమే.
ఎటూ దూకకుండా కూర్చోవడం
పిల్లికి ఎంత కష్టమో
అడిగిన వాళ్లు లేరు.

ఫిబ్రవరిలో నా మొదటి తగాదా.
హాల్‌వుర్ యంత్రం ఊదే మంచంతా
ఓస్‌బ్యోర్గ్ కంచె మీదికే. మూడు శీతాకాలాలుగా.
ఆమె ఫైలు తెచ్చింది,
స్కేలు గుచ్చి తీసిన ఫొటోలు, తేదీలతో సహా.
అతను చేతి తొడుగులు కూడా విప్పలేదు.
"ఆకాశం నుంచి పడ్డది నాదెలా అవుతుంది?"

నాలుక చివర విజిల్ తగిలినట్టయింది.
కాఫీ గుటకతో దాన్ని మింగాను.

"అంటే, మీరు అనేది" ఇటు.
"అంటే, మీరు అనేది" అటు.
తర్వాత నా దగ్గర ఏమీ మిగల్లేదు.
ఊరుకున్నాను.
హీటరు టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది.

అతను ఒక తొడుగు విప్పాడు.
"ఆ వాకిలి దీపం. తెల్లార్లూ నా మంచం మీదే.
మూడేళ్లయింది నేను సరిగా నిద్రపోయి."

ఆమె ఫైలు మూసింది.
"అది ఐవిండ్ కోసం.
రాత్రుళ్లు లేచి నడిచి వెళ్లిపోతాడు, వట్టి కాళ్లతో.
వెలుతురుంటే
ఏ ఇల్లు తనదో గుర్తుపడతాడు."

ఐవిండ్‌తో పదేళ్లు చేపలు పట్టాడు హాల్‌వుర్.
అతనికి తెలియదు. ఆమె చెప్పలేదు.
ఇద్దరిలో ఎవరికి కార్డు చూపాలో
జీవితంలో మొదటిసారి నాకు తెలియలేదు.

కౌగిలింతలేమీ లేవు.
దీపానికి ఒక పక్క రేకు.
మంచు ఇక తూర్పు వైపు.
"ఉదయం ఏడు లోపు" అన్న ముక్క కొట్టేసేదాకా
అతను సంతకం పెట్టలేదు.
వెళ్తూ వెళ్తూ ఆమె
"అయినా మంచు మంచే" అంది.
అతను ఆమె కోసం తలుపు పట్టుకున్నాడు,
అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపు.

ఇంటికి నడుస్తుంటే స్కూలు మైదానంలో
లైట్ల కింద పిల్లల ఆట.
బంతి మీద గొడవ. చిన్నవాడొకడు నన్ను గుర్తుపట్టి
కంచె దగ్గరికి ఉరికాడు.
"గీత దాటిందా లేదా? మీరు చూశారుగా!"

చూశాను. అరడుగు దాటింది.
లోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుని
"నీకేమనిపించింది?" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు.
"రేయ్, ఈ ముసలాయనకి కళ్లు పోయాయిరా"
అని అరుస్తూ
వెనక్కి పరిగెత్తాడు.