మూటోడు

మూడు నెలలుగా వాడికోసం కాపు కాస్తున్నాను.
ఆటలో ఏడో మెట్టు దాటాక
బూడిదరంగు గుహలో, ఎప్పుడో, ఏ మలుపులోనో
గజ్జెల చప్పుడొకటి వినిపిస్తుందట.
మోకాలెత్తు మనిషి, గాడిద చెవులు,
వీపు మీద తనకన్నా పెద్ద మూట.
మా ఉద్దానం జీడిపండులాంటివాడు,
విలువైనదంతా ఒంటి బయటే.
దెబ్బకో బంగారు నాణెం రాలుస్తూ పరిగెత్తుతాడు.
ఇరవై లెక్కపెట్టేలోగా
గోడలో నీలం తలుపు తెరుచుకుని
మాయమైపోతాడు.
మా కాలేజీలో వాణ్ని చూసింది ఢిల్లేశు ఒక్కడే.
ఢిల్లేశు మాట ఎవరూ నమ్మరు.

అమ్మ పనినుంచి వచ్చేసరికి ఎనిమిదవుతుంది.
కాశీబుగ్గలో రైలుగేటు పడితే ఎనిమిదిన్నర.
చేతులకి కొబ్బరినూనె రాసి, బూడిద రాసి,
మళ్ళీ నూనె రాసి కడుగుతుంది.
నలుపు పోదు.
పంతొమ్మిదేళ్ళ జీడిసొన
బొటనవేళ్ళ మీది గీతలన్నీ తినేసింది.
రేషను డిపోలో మిషను
అయిదుసార్లు ఆమెని కాదంటుంది.
"నాను గున్నమ్మనే బావూ, ఇంకెవులవుతాను?"
అని మిషనుతోనే చెప్పుకుంటుంది.
నా ఫోనూ ఆమె వేలికి తెరుచుకోదు.
అందుకే చుక్కలు కలిపి గీసే తాళం పెట్టాను.
ఆమె సంతకంలో మొదటి అక్షరం, గ.
వంపుల్లేకుండా, గుడిసెలా.

ఆ రాత్రి కరెంటు పోయింది.
"కాసేపు పట్టుకోవే, కదపకు" అని
ఫోను ఆమె చేతిలో పెట్టి
బమ్మిడోళ్ళింటికి కొవ్వొత్తి కోసం వెళ్ళాను.
తిరిగొచ్చేసరికి ఇల్లంతా చీకటి,
ఆమె ముఖం ఒక్కటే నీలంగా వెలుగుతోంది.
"ఓలమ్మ, ఎవుడో వొచ్చినాడే.
పొట్టోడు. గజ్జెలు కట్టుకున్నాడు.
ఇంతేసి మూట. ఆయాసపడిపోతన్నాడు."

కొట్టావా?
"ఎందుకు?"
ఎర్రబొమ్మ మీద నొక్కాలని చూపించాను కదా!
"గేపకముంది."
మరి?
"బస్తా మోసినోడిది కాదే బస్తా.
ఎవుల సరుకో ఏటో.
రాలిపోతే ఆడి కూలీలో కోసీరా?"

మూడు నెలలు!
అన్నం వద్దన్నాను. గోడవైపు తిరిగి కూచున్నాను.
ఆమె కంచం నా పక్కకి జరిపి,
తనలో తనే నవ్వుకుంటూ చెప్పింది:
"గోడలో తలుపు దానంతటదే తెరుసుకుంది.
అక్కడ గుమస్తా లేడు.
కొంగు దులపమన్నోడు లేడు.
ఆడ్నెవులూ తడమలేదు.
మూటతోటే ఎల్లిపోనాడే!"

గేటు దగ్గర మా అమ్మ
రోజూ కొంగు దులుపుతుంది, కుచ్చిళ్ళు దులుపుతుంది,
ఒక్కో రోజు నోరు తెరిచి చూపిస్తుంది.
పంతొమ్మిదేళ్ళు గుండుపప్పు ఒలిచి
ఇంటికి తెచ్చింది
గోళ్ళ కింద నలుపు,
ఒక దీపావళికి యజమాని ఇచ్చిన
పావుకిలో బద్దలు.

ఇదంతా ఆ రాత్రి నాకు తోచలేదు.
ఆ రాత్రి నేను ఆమెతో మాట్లాడలేదు.

ఇప్పటికీ పడుకోబోయే ముందు కాసేపు ఆడతాను.
గూడ్సు బండి పోతుంటే
గజ్జెలు వినబడవేమోనని
ఫోను చెవికి ఆనించుకుంటాను.
అమ్మ చాప మీద అటు తిరిగి పడుకునే
"ఒచ్చినాడేటే?" అంటుంది.
లేదంటాను.
"ఒస్తాడులే. దూరం బోయుంటాడు.
దించుకోడానికి
సోటు దొరకాల గదా."