పాటు నడక

కొండెక్కిస్తారా అని అడిగాడు ఒకాయన.
నిన్నటిదాకా అరకులో ఉన్నాడట,
భుజాన తాడు, చేతిలో ఇనప మొన కర్ర.
ఎక్కడం లేదండి మా కోరంగిలో, అన్నాను.
దిగడమే.
ఈ అడవి మొత్తానికి ఎత్తైనది అటవీశాఖ మంచె,
ఆ తర్వాత ఈ పడవ కొమ్ము, దాని మీద నేను,
సంగాడి మరిడమ్మని.
ఖాకీ చొక్కా కొత్తదండి. బురద పాతదే.

టిక్కెట్టు మీద గంటన్నర అని ఉంటుంది.
ఆ గంటన్నర ఎవరు కొలిచారో!
నీళ్ళు వెనక్కి తగ్గితే నడక,
పోటెక్కితే పడవ,
అటూ ఇటూ కాకపోతే కూర్చుని కబుర్లు.
ఫోన్లన్నీ ఈ బిస్కెట్ల డబ్బాలో వెయ్యండి.
చెప్పులు మీ ఇష్టం.

ముందు ఈ తెల్లమడ ఆకు తిప్పి
నాలిక కొసతో తాకండి.
ఉప్పు కదా?
మధ్యాహ్నం వల లాగేవాళ్ళ మెడ ఎవరిదైనా ఇదే రుచి.
ఆ పక్కనున్న తిల్లని మాత్రం ముట్టుకోకండి,
పాలు కంట్లో పడితే చూపు పోద్ది.
రాలిపోయే ముందు ఆకు ఎంత ఎర్రగా పండుద్దో
దూరం నుంచి చూడండి, చాలు.

ఇక దిగండి. మోకాలి దాకానే.
పైకి పొడుచుకొచ్చినవి మేకులు కావు,
చెట్టు ముక్కులు.
గాలి పీల్చుకునేవాళ్ళ ముక్కు మీద
ఎవరైనా కాలేస్తారా, చూసుకుని నడవండి.
అదిగో బురదచేప!
కళ్ళు నెత్తికెక్కిన వాళ్ళని చాలామందిని చూసుంటారు,
పుట్టుకతోనే ఎక్కినదాన్ని ఇవాళ చూశారు.

బావురుపిల్లిని చూపించమంటారు అందరూ.
నేను చూపించేది అడుగు.
నాలుగు వేళ్ళు, మధ్యన చిన్న దిండు,
అంచుల్లోకి నీరు ఇంకా ఊరుతోంది.
అంటే ఇప్పుడే వెళ్ళింది,
అంటే ఎక్కడో ఆగి మనల్నే చూస్తోంది.
టిక్కెట్టు లేకుండా.

అమావాస్యకొస్తే ఇంకోటుంది.
లాంతరు ఆర్పేసి
పడవ అడుగు చెక్కకి చెవి ఆనించి పడుకోవాలి.
చిటపట, చిటపట,
కింద రొయ్యలు మెటికలు విరుచుకుంటాయి.
ఒక బ్యాంకు మేనేజరు అలాగే నిద్రపోయాడు.
లేపబుద్ధి కాలేదు.
మూణ్ణెల్లకి మళ్ళీ వచ్చాడండి,
అడవి అక్కర్లేదు, ఆ చెక్క చాలన్నాడు.

చూరుకి వేలాడేవి తోరణాలా అని అడుగుతోంది పాప.
కాదమ్మా, చెప్పులు.
నలభయ్యారు, అన్నీ ఒంటివే.
బురద ఒకటే పుచ్చుకుంటుంది, జత అడగదు.
పాటుకి తిరిగిచ్చినవి ఏరి ఇలా కట్టాను,
ఎవరైనా వెనక్కొస్తే ఇద్దామని.
ఎవరూ రారు, ఒంటి చెప్పు కోసం.

మా నాయన మడ కర్ర కొట్టేవాడు, పొయ్యిలోకి.
గార్డు ఈలేశాడు.
నా మెళ్ళో ఉన్న ఈలలాంటిదే.
ఈ ముక్కుల మీదుగానే పరిగెత్తాడు నాయన,
కుడికాలి చెప్పు ఇక్కడెక్కడో దిగబడింది.
ఎడమది వేసుకునే కాకినాడ కోర్టు మెట్లెక్కాడు.
జరిమానా రెండొందలు.
ఆ ఏడాదంతా
కట్టెలు కొనుక్కుని వండుకున్నాం,
అడవిని ఆనుకుని ఉండి.

టైరు చెప్పు అది.
టైరు కుళ్ళదంటారు.

అందుకే, ఎవరొచ్చినా
ఈ మలుపు దాకా తిప్పుతాను.
దారి ఇదొక్కటే అని చెప్తాను.
ఇంకో మూడున్నాయి.

పీత బొరియల్లో బుడగలొస్తున్నాయి చూశారా,
పోటు మొదలైంది.
అరకు బాబుగారూ,
మీ కర్ర ఒకసారి ఇలా ఇవ్వండి.
ఇక్కడ పొడిచి చూస్తాను.

ఏదో తగిలింది.

ఆల్చిప్ప.

ఎక్కండి, ఎక్కండి,
నీళ్ళొచ్చేస్తున్నాయి.