ఆ రాత్రి నువ్వు నా మాట విని ఉంటే

దేవా, నేను లామ్వాకను.
ఫాదర్ గారు రాని ఆదివారాల్లో
చర్చి తలుపు తీసి గబ్బిలాల రెట్ట ఊడ్చేదాన్ని.
ముఖం మరిచిపోయినా
నా చీపురు చప్పుడు గుర్తుపడతావు నువ్వు.

పిల్లలకు పాఠం చెప్పేదీ నేనే.
దేవుడు ఎలాంటివాడు? మంచివాడు.
లోకాన్ని ఎవరు చేశారు? ఆయనే.
ఆ రెండు జవాబుల మధ్య సందులోంచి
ఒక రాత్రి వాళ్ళు తుపాకులతో వచ్చారు.

పదకొండేళ్ళు నా కొడుక్కి.
రుబంగకెనె. మా అచోలీ మాటలో
దేవుడొక్కడే, అని.
నెత్తిన మా నువ్వుల బస్తానే పెట్టారు.
నడుముకి తాడు కట్టారు.
తెల్లారాక చూస్తే తాడు ఈడ్చిన గీత
అచ్వా నది దాకా ఉంది.
నీళ్ళ దగ్గర ఆగిపోయింది.

అప్పుడే కదా నిన్ను అడిగాను.
లేచి నిలబడి, వేలు చూపించి మరీ అడిగాను.
మనసుంటే నీకు చేతులు లేవా?
చేతులుంటే మనసు లేదా?
నిప్పు పంపించు.
నెత్తురంటిన ప్రతి చేతినీ
ఈ పూటే, ఇంకో కోడి కూసేలోపే, బూడిద చెయ్యి.
నువ్వు ఉలకలేదు, పలకలేదు.

ఏడేళ్ళు.
ఏడేళ్ళూ నీ ఇల్లు ఊడ్చాను, నీ మీద కోపంతోనే.
చీపుర్లు అరిగాయి గానీ అది అరగలేదు.

ఒక పొద్దున బోరింగు దగ్గర నిలబడి ఉన్నాడు.
ఎత్తు వాళ్ళ నాన్నది. కళ్ళు ఎవరివో.
నీళ్ళు పోస్తానంటే దోసిలి పట్టలేదు.
మా పెద్దల పద్ధతిలో
గుమ్మం ముందు కోడిగుడ్డు తొక్కి లోపలికొచ్చాడు.
మూడో రోజు చెప్పాడు:
అమ్మా, ఒబ్వోనా మామను చంపింది నేనే.
కొట్టకపోతే నన్ను కొట్టేవాళ్ళు.
చాలాసేపు ఊరుకుని,
తర్వాత్తర్వాత ఎవరూ చెప్పకుండానే కొట్టాను, అన్నాడు.

నా ప్రార్థన నాకు గుర్తొచ్చింది.
ఒళ్ళు జల్లుమంది.
నేనడిగిన నిప్పు నువ్వు పంపి ఉంటే
అది నా కొడుకునే
పేరు పెట్టి పిలిచేది.

మా జొన్నచేలో ఊదాపూల కలుపు ఒకటుంది.
చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది.
మట్టి కింద జొన్న వేరు కరుచుకుని
దాని పాలే తాగుతుంది.
పీకితే జొన్న కూడా చేతికొస్తుంది.
కోత దాకా ఆగు పిల్లా, అనేది మా అత్త.
ఆగడమంటే చేతగానితనం అనుకున్నాను.
నువ్వు ఆగిన ఏడేళ్ళూ
నా బిడ్డ ఇంటికి నడిచొచ్చిన దారి అని
నాకేం తెలుసు?

ఈ మాటంటే ఒయెల్లా ఊరుకోదు.
ఎందుకు ఊరుకోవాలి?
నీవాడు రావాలని ఆగాడు, సరే.
నావాడి నెత్తిన కర్ర లేచినప్పుడు
ఎవరి కోసం ఆగాడే, అంటుంది.
ఒబ్వోనా పెళ్ళాం ఆమె.
నా పాఠంలో దీనికి జవాబు లేదు.
కల్పించి చెప్పను.

ఒకటి మాత్రం తెలుసు.
నీ బిడ్డ కూడా అరిచాడు,
నన్నెందుకు వదిలేశావని.
ఆ మధ్యాహ్నం కూడా నువ్వు
ఉలకలేదు, పలకలేదు.
ఆ మౌనాన్ని నేను ఎరుగుదును.
తాడు గీత ఆగిపోయినచోట
నీళ్ళకేసి చూస్తూ నిలబడినప్పుడు
నా నోట్లో ఉన్నది అదే.

మొన్న గుడ్ ఫ్రైడేకి
రుబంగకెనె చివరి బల్ల మీద కూర్చున్నాడు.
ఒయెల్లా గడప దాకా వచ్చి, వాణ్ణి చూసి,
వెనక్కి తిరిగింది.
బయట షియా చెట్టు కింద, ఎండలో నీడలో,
ఆరాధన ముగిసేదాకా నిలబడింది.
లోపలికి రాలేదు.
ఇంటికీ పోలేదు.
నువ్వూ చూశావు కదా?

సాయంత్రం వాకిలంతా ఊడ్చాను.
ఆమె నిలబడినచోట గడ్డి నలిగి ఉంది.
అక్కడ మాత్రం ఊడవలేదు.