పదమూడో ముద్ద

రేకులకుంట ల్యాబులో
కోడిగుడ్డు సొన, ఈస్టు, తేనె,
ఎండబెట్టి దంచిన కార్జం
పన్నెండు తీర్ల కలిపితే
పన్నెండుసార్లూ
అక్షింతల పురుగు పిల్ల
మూతి తిప్పుకుంది.

"మా చిన్నోడూ ఇంతే సార్,
ఊరిబిండి అంటకుంటే
సంగటి ముద్ద మింగడు"
సీసాలు కడుగుతూ మాబున్ని.

పదమూడోది మైనపు చుక్కలో పోశాక
ఒక్క పేనుబంకను వేలితో చిదిమి
పైన రాసింది.

కరిచింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

ఇప్పుడిది మూడో తరం.
రేపు శింగనమల శెనక్కాయ చేలో విడవాలి.
బతికున్న పేనును ఎన్నడూ చూడని వీటికి
ఆకు అడుగున ఏముందో
ఆకలి చెబుతుందా?
నా నోట్‌బుక్కులో ఆ గడి ఖాళీ.

మాబున్ని మాత్రం
బంక పట్టిన రెమ్మొకటి
కొంగున ముడేసుకొచ్చింది,
జీపులో, దారి పొడుగునా
వాటికి వాసన చూపించడానికి.