లేపగలిగినంత

సోమవారాలు నా ఎక్స్‌రే గదికి
ఆదివారం ట్రాక్ మీద పడ్డవాళ్లు వస్తారు.
చెవి వెనక బురద ఇంకా ఎండుతూనే ఉంటుంది.
"ఊపిరి బిగబట్టండి" అంటాను.
భుజం దగ్గర ఎముక రెండు ముక్కలై
తెర మీద తెల్లగా తేలుతుంది.
వాళ్లు దాన్ని చూడరు.
మళ్లీ ఎప్పుడు ఎక్కొచ్చు అని అడుగుతారు.

ఆ ప్రశ్న నాకు జలుబులా అంటుకుంది.

నలభై నాలుగేళ్లు. అయిదడుగుల ఒక అంగుళం.
బల్లారట్ చలిలో, జీతం పడిన శుక్రవారం,
నాకో డర్ట్ బైక్ కావాలని పైకే అనేశాను.
మా ఆయన పప్పులో పోపు వేస్తూ
గరిటె ఆపకుండా "ఏ రంగు?" అన్నాడు.

షోరూంలో మొదటిది రెండువందల యాభై.
ఎక్కి కూర్చుంటే, గోడ మీది చిన్నపిల్ల కాళ్లలా
నా కాళ్లు గాల్లో ఊగాయి.
"అలవాటైపోతుంది" అన్నాడు కుర్రాడు,
కాళ్లకో నేలకో చెప్పకుండా.

రెండోది పొట్టిది, సాధువు, పాడిగేదె.
అడవిలో ఎక్కడికంటే అక్కడికి వస్తుంది గానీ
ఒక్క గంతు వేయిస్తే స్ప్రింగులు అడుగంటి
నా వెన్నుపూస ఒక్కొక్కటీ హాజరు పలుకుతుంది.

మూడోది నూట పాతిక, రేసుది, సన్నటి ఒళ్లు.
కింద నిద్ర, పైన పూనకం,
నడుమ ఏమీ లేదు.

నేను బతికేది ఆ నడుమనే.
నెలకి మూడు వారాలు వాంబాట్ అడవిలో
తడిసిన యూకలిప్టస్ బెరడు మీద జారే సన్నదారులు,
ఎప్పుడో ఒక ఆదివారం ట్రాక్ మీద రెండు గంతులు.
అడవి మెత్తటి స్ప్రింగు అడుగుతుంది, ట్రాక్ గట్టిది.
పథ్యం తినేవాడికీ పహిల్వానుకీ
ఒకే కుండలో వండాలి.

క్రెస్‌విక్ దాటాక, గ్లెనిస్ షెడ్డు.
అరవై ఎనిమిదేళ్ల మనిషి. అమ్ముతున్నది తన బండే.
ఆమె తుంటి నాకు తెలుసు,
మార్చిలో ఫోటో తీసింది నేనే.
నేను ఆమెకి గుర్తు లేను.
అద్దం వెనక గొంతుని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?
నేనూ చెప్పలేదు.
హైమ అన్న పేరు ఆమెకి "హ్యామర్" అని వినపడింది.
సుత్తి. దిద్దబుద్ధి కాలేదు.

నూట యాభై, టూ స్ట్రోక్, తొంభై ఎనిమిది కిలోలు.
తాళం అడిగాను.
దానికి తాళం లేదంటూ
బండిని కంకర మీదికి పడుకోబెట్టేసింది.
"లేపు."

లాగాను. సగం లేచి, నన్నూ తీసుకుని కూలబడింది.
"హ్యాండిల్ పూర్తిగా తిప్పు. నడుముతో కాదు, తొడలతో."
చెబుతూ తన తుంటి తడుముకుంది.
"ఊపిరి బిగబట్టకు."

లేచింది.
రాత్రి డ్యూటీల్లో ఇంతకంటే బరువైనవాళ్లని
బల్ల మీదికి జరిపిన చేతులివి.
వాళ్లయితే కాస్త మూలుగుతూ సాయం చేస్తారు.

గ్లెనిస్ మళ్లీ పడేసింది.
"ఇందాకటిది పొద్దున పడటం, హ్యామర్.
ఇది సాయంత్రం నాలుగింటిది.
నీళ్ల సీసా ఖాళీ. ఫోన్‌కి సిగ్నల్ లేదు."

రెండోసారి లేపేసరికి మోకాలు చీరుకుంది.
ధర మీద రెండువందల డాలర్లు తగ్గాయి,
ఎందుకో ఆమె చెప్పలేదు.

కిక్ నన్నే కొట్టమంది. తను కొట్టలేదు కదా.
నాలుగో తాపుకి నీలం పొగ,
పొగలో ఆముదం!
ఆయిల్లో కలుపుతుందట, రేసులనాటి అలవాటు.
ఆ ఊళ్లో, ఆ మంచులో, కళ్లు మండేంత ఆముదం.
గ్లెనిస్ షెడ్డులోకి వెళ్లి
చాలాసేపు ఏదో వెతికింది.

ట్రైలర్‌కి కట్టి బయల్దేరాక ఫోన్ మోగింది.
"ఏ రంగు?"
బండి ఆపి, దిగి చూడాల్సి వచ్చింది.

ఇంకా అడవికి తీసుకెళ్లలేదు.
డ్యూటీ దిగొచ్చి, గ్యారేజీలో పాత పరుపు పరిచి
పడేస్తాను, లేపుతాను.
మా ఆయన గుమ్మంలో ఉల్లిపాయలు ఒలుస్తూ లెక్కపెడతాడు.
నిన్న పదకొండు.